హాజరు పిలిచే ఐదు నిమిషాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీర్ని. కాంక్రీటు గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడగలను. ఇవాళ మాత్రం ఇంగ్లీషు క్లాసులో మొదటి ఐదు నిమిషాల గురించి చెబుతాను. బాన్సువాడ చదువు నాకిచ్చిన వాటిలో నేను ఎక్కువగా వాడుకున్నది అదే. మధ్యలో కొన్నేళ్లు దాన్ని వదిలేశాను. అందువల్ల నష్టపోయింది నేనొక్కణ్నే కాదు. ఆ సంగతి కూడా చెబుతాను.

మాది తెలుగు మీడియం. ఇంగ్లీషంటే రోజుకొక పీరియడు, ఇంట్లో ఒక గైడు. సారు పాఠం చదివేవారు, మేము జవాబులు ఎక్కించుకునేవాళ్లం, బట్టీ పట్టేవాళ్లం. ఎనిమిదో తరగతిలో కొత్త సారు వచ్చారు. ఆయన పేరు చెప్పను. చెబితే ఇక్కడ సగం మంది లేచి తలా ఒక కథ చెబుతారు, సభ రాత్రి దాకా సాగుతుంది.

మా క్లాస్ టీచరు ఆయనే కాబట్టి మొదటి పీరియడు ఇంగ్లీషే. రాగానే బోర్డు మీద ఒక్క లైను రాసేవారు. తర్వాత రిజిస్టరు తీసి హాజరు పిలిచేవారు. మేము అరవై మందికి దగ్గరగా ఉండేవాళ్లం. పేర్లన్నీ అయ్యేసరికి ఐదు నిమిషాలు పట్టేది. ఆలోగా బోర్డు మీదున్న దాని గురించి మాకు తోచింది ఇంగ్లీషులో రాయాలి. ‘ఇవాళ దారిలో చూసింది’, ‘మా ఇంటి తలుపు’, ‘అమ్మ కోప్పడిన రోజు’... ఇలాంటివి ఇచ్చేవారు. పెన్ను ఆపొద్దు. మాట దొరక్కపోతే అక్కడ తెలుగు మాటే రాసి ముందుకు పోవాలి. మార్కుల్లేవు, ఎర్ర ఇంకు లేదు. తలెత్తకుండానే ‘ప్రెజెంట్ సార్’ అనేవాళ్లం.

నిజం చెప్పాలి కదా. మొదటి రెండు వారాలు నేను రాసింది గైడులోని ఆవు వ్యాసమే. దారిలో చూసింది అంటే ఆవు. ఇంటి తలుపు అంటే, తలుపు ముందు ఆవు. ఒకరోజు నా నోటుబుక్కులో సారు నీలం ఇంకుతో ఒక మాట రాశారు. ‘నైస్ కౌ. బట్ యు హావ్ ఎ బఫెలో. వాట్ ఈజ్ హర్ నేమ్?’ మా ఇంట్లో బర్రె ఉందని సారుకు బాగా తెలుసు. ఆయన కిరాయికుండే ఇంట్లో రోజూ పాలు పోసేది నేనే.

మర్నాడు రాశాను: ‘అవర్ బఫెలో నేమ్ లచ్చి. షీ నో కమ్ హోమ్ ఎస్టర్డే. మై ఫాదర్ గో కెనాల్ సైడ్ విత్ టార్చ్ లైట్. ఐ క్రై.’ నాలుగు వాక్యాలు, నాలుగింటిలోనూ తప్పులే. సారు ఒక్కటీ దిద్దలేదు. కింద మళ్లీ ఒక ప్రశ్న రాశారు: ‘డిడ్ హి ఫైండ్ హర్?’

గైడులో జవాబు లేని ఇంగ్లీషు ప్రశ్న నాకు ఎదురవడం అదే మొదటిసారి. జవాబు చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో! లచ్చి దొరికింది, కాలువ అవతల వేరే వాళ్ల మందలో. అది ఇంగ్లీషులో చెప్పడానికి ‘ఫౌండ్’ అనే మాట కావాలి. పక్కవాణ్ని అడిగి తెలుసుకున్నాను. ఆ మాట నేను ఇప్పటిదాకా మరిచిపోలేదు. సారు చదివేది రోజుకు ఏడెనిమిది నోటుబుక్కులే. చాలామంది చేస్తున్న తప్పు ఏదైనా కనిపిస్తే, ఎవరిదో చెప్పకుండా మరుసటి రోజు పాఠంలో దాన్ని వివరించేవారు. రాసే వేళ వేరు, దిద్దే వేళ వేరు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, అమెరికాలో పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు 1973లోనే ‘రైటింగ్ విదౌట్ టీచర్స్’ అనే పుస్తకంలో ఇలాంటి పద్ధతే చెప్పారని. పది నిమిషాలు ఆపకుండా రాయండి, దిద్దుకోవడానికి ఆగకండి అంటారాయన. చదువుకునే రోజుల్లో ఆయనకే రాయడం సాగక ఇబ్బంది పడ్డారట. మా సారు ఆ పుస్తకం చూసి ఉంటారని నేననుకోను. అరవై మందిని ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోబెట్టడానికి మొదలుపెట్టారేమో కూడా. కానీ దారి మాత్రం అదే.

మేము పదో తరగతికి వచ్చేసరికి సారుకు బదిలీ అయింది. పరీక్షల ఏడాది, మళ్లీ గైడు. ఇంటర్లో నోట్సు, ఇంజనీరింగులో సీనియర్ల రికార్డులు చూసి ఎక్కించడం. సొంతంగా ఒక వాక్యం రాయకుండానే డిగ్రీ చేతికొచ్చింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భవనం సైటులో పనిచేశాను. శ్లాబు పోస్తున్నాం. కాంక్రీటు తొందరగా జారాలని సూపర్‌వైజరు మిక్సర్లో అదనంగా నీళ్లు పోయిస్తున్నాడు. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది. వద్దని మొదట అన్నది మేస్త్రీ. తర్వాత నేనూ అన్నాను. నోటితోనే అన్నాను. పక్కనే సైటు రిజిస్టరు ఉంది, అందులో రాయాల్సింది ఇంగ్లీషులో. పెద్ద ఇంజనీరు చదివి నా భాషకు నవ్వుతాడని భయం. పెన్ను తీశాను, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను, మూసేశాను.

28 రోజుల తర్వాత క్యూబులు పరీక్షిస్తే బలం చాల్లేదు. శ్లాబులో కొంత భాగం పగలగొట్టి మళ్లీ పోయాల్సి వచ్చింది. విచారణలో ఒక్కటే అడిగారు: ‘నీళ్లు పోశారని ఎక్కడ రాశావు?’ ఎక్కడా లేదు. నేను చెప్పింది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తప్పు మేస్త్రీ మీదికి పోయింది, ఆయన పని పోయింది. వద్దని మొదట అన్న మనిషి ఆయనే. తర్వాత ఆయన కోసం వెతికాను, దొరకలేదు.

ఆ రోజు కావలసింది గొప్ప ఇంగ్లీషు కాదు. ‘వాటర్ వాజ్ యాడెడ్. ద మేస్త్రీ సెడ్ నో. ఐ సెడ్ నో.’ ఇంతే. లచ్చి గురించి రాసిన పిల్లవాడు రాయగలిగిన వాక్యాలే అవి. ఎనిమిదో తరగతిలో తప్పులతో రాయగలిగినవాణ్ని, ఇంజనీరయ్యాక తప్పులకు భయపడి రాయలేకపోయాను. ఆ వారమే ఒక నోటుబుక్కు కొన్నాను. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు రాయడం మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆపలేదు.

ఇక ఇప్పటి మాట. 2022–23 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. మంచిదే. కానీ మీడియం మారినంత మాత్రాన చూసి ఎక్కించే అలవాటు మారదు. ఈ మధ్య మన పిల్లలతో మాట్లాడాను. పాఠం చక్కగా చదువుతున్నారు. పుస్తకం మూసి ‘పొద్దున ఏం తిన్నావో రెండు లైన్లు రాయమ్మా’ అంటే పక్కవాళ్ల నోటుబుక్కు వైపు చూస్తున్నారు. అప్పుడు నాకు నా ఆవు వ్యాసమే గుర్తొచ్చింది.

మనమంతా నిజాంసాగర్ నీళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. 1931లో ప్రాజెక్టు పూర్తయినప్పటి నుంచి ఈ పొలాలు ఆ కాలువల మీదే బతుకుతున్నాయి. ఎండిన కాలువలోకి ఒక్కసారిగా నిండా నీళ్లు వదలరు. ముందు కొద్దిగా వదిలి, అడుగు తడిసి, గట్లు సర్దుకున్నాక పెంచుతారు. పిల్లలకు పొద్దున ఆ ఐదు నిమిషాలు అలాంటివే.

ఉపాధ్యాయులకు నేను చెప్పదగ్గవాణ్ని కాను. అయినా ఒక పాత విద్యార్థిగా, వారానికి సరిపడా ఒక నమూనా మీ ముందు పెడుతున్నాను. సోమవారం, బడికి వచ్చే దారిలో చూసిన ఒక్క విషయం. మంగళవారం, టేబుల్ మీద ఒక వస్తువు: మొల, బస్సు టికెట్టు, వరి కంకి, ఏదైనా సరే. బుధవారం, బోర్డు మీద ఒక చిన్న వాక్యం, దాని తర్వాత ఏం జరిగిందో పిల్లలు రాయాలి. గురువారం, ఒక పని ఎలా చేయాలో: చాయ్ పెట్టడం, సైకిల్ చైను ఎక్కించడం, బతుకమ్మ పేర్చడం. శుక్రవారం, ఇద్దరి మాటలు: కండక్టరు, ముసలమ్మ. శనివారం, ఎవరినైనా అడగాలనుకున్న ఒక ప్రశ్న.

మీరు అడగబోయేవి నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి? ఏడాదికి 200 రోజులు అనుకుంటే రోజుకు ఐదు నిమిషాల చొప్పున 1,000 నిమిషాలు. అంటే 45 నిమిషాల పీరియడ్లు 22. తక్కువేం కాదు, ఒప్పుకుంటాను. కానీ రోజుకు నాలుగు లైన్ల చొప్పున ఒక్కో పిల్లవాడు 800 లైన్లు సొంతంగా రాస్తాడు. నేను డిగ్రీ అయ్యేదాకా అన్ని రాయలేదు.

ఇన్ని నోటుబుక్కులు ఎవరు దిద్దుతారు? ఎవరూ దిద్దొద్దు. 40 మంది ఉంటే రోజుకు ఐదు చదివితే ఎనిమిది రోజుల్లో అందరివీ అవుతాయి. కింద ఒక్క ప్రశ్న రాస్తే చాలు. తప్పులు అలాగే నిలిచిపోవా? వ్యాకరణ పాఠం ఎలాగూ ఉంది, పరీక్ష జవాబులు దిద్దడం ఎలాగూ ఉంది. ఈ ఐదు నిమిషాలను మాత్రం వాటికి దూరంగా ఉంచండి. వీలైతే పిల్లలతో పాటు మీరూ రాయండి. సారుకు కూడా మధ్యలో మాట దొరకదని చూస్తే వాళ్లకు సగం భయం పోతుంది.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలందరికీ నోటుబుక్కులు నేనిస్తాను. మిగతా తరగతుల సంగతి మీరు చూసుకోండి. డబ్బు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఊళ్లోనే ఉన్నవాళ్లు నెలకొకసారి బడికి వచ్చి పది నోటుబుక్కులు చదవండి. చేతిలో ఎర్ర పెన్ను వద్దు. ఆ పిల్లవాడు రాసింది చదివి, నిజంగా తెలుసుకోవాలనిపించింది ఒక్కటి కింద అడగండి. మా సారు నన్ను బర్రె పేరు అడిగినట్టు.