అద్దె ఇంట్లో ఎంతమంది?



సెలవులొస్తే ప్రయాణాలే కదా! హోటలు తిండి పడదనీ, చంటిపిల్లలకు పాలు కాచుకునే వీలుండదనీ ఈమధ్య చాలామంది నాలుగు రోజులకో వారానికో ఏకంగా ఇల్లే అద్దెకు తీసుకుంటున్నారు. బాగానే ఉంది. అయితే ఆ ఇంట్లో ఎంతమంది ఉండవచ్చునన్న లెక్క ఒకటుంటుంది. మనం దాన్ని పట్టించుకోం. ఆరుగురికని మాట్లాడుకుని పదిమందిమి దిగుతాం. "హాల్లో దుప్పటి పరుచుకుని సర్దుకుంటాం లెండి" అంటాం.

సర్దుకోవడం మంచి గుణమే, కాదనను. కానీ ఆ లెక్క ఇంటివారి పిసినారితనం కాదు. అర్ధరాత్రి నిప్పంటుకుంటే ఉన్న గుమ్మంలోంచే అందరూ బయటపడాలి. నీళ్ళ ట్యాంకూ, సెప్టిక్ ట్యాంకూ ఇంతమందికని కట్టినవే. గోడ అవతలి ఇల్లాలు పొద్దున్నే లేచి పిల్లల్ని బడికి పంపాలి. అందుకే అమెరికాలో చాలా ఊళ్ళలో పడకగదికి ఇద్దరు, మొత్తం మీద మరో ఇద్దరు అని నియమం పెట్టుకున్నారు.

న్యూయార్కు నగరం మరీ కట్టుదిట్టం. 30 రోజులకన్నా తక్కువ కాలానికి ఇస్తే ఇంటివారు కూడా అక్కడే ఉండాలి. డబ్బిచ్చి ఉండే అతిథులు ఇద్దరికి మించకూడదు. నగరపాలక సంస్థలో నమోదు కూడా ఉండాలి. 2022లో చేసిన చట్టాన్ని 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. ఇళ్ళన్నీ యాత్రికులకు పోతే ఊరివాళ్ళకు అద్దె ఇళ్ళు దొరకవన్నది వాళ్ళ వాదన. అక్కడ అబ్బాయి పట్టా పుచ్చుకుంటున్నాడని నలుగురు కలిసి వెళ్ళే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకుని హోటలు చూసుకోవడం మేలు.

మన దేశంలోనూ కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపునిచ్చే ఇళ్ళకు 6 గదులు, 12 పడకలు అన్న హద్దుంది. ఇంటివారు అక్కడే కాపురముండాలి. మేడమీద గది యాత్రికులకిద్దామనుకునే ఇల్లాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి అడ్వాన్సు పంపేముందే తలలు లెక్కపెట్టండి. చంటిబిడ్డ లెక్కలోకి వస్తుందా, డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు, అత్తగారికి మంచం ఉందా - అన్నీ అడగండి. రాత్రి పదిగంటలకు గుమ్మం దగ్గర "ఇంతమందా!" అంటే పెద్దవాళ్ళతో, సామాన్లతో ఎక్కడికి పోతాం? మనుషులు ఎక్కువైతే పక్కనే ఇంకో ఇల్లు కూడా తీసుకోండి.

మరొక్క మాట. ఆరుగురి ఇంట్లో పదిమంది సర్దుకుంటే ఆ సెలవు ఎవరికి? పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదమ్మా!