లైను కలిసినా కాగితం కదలనప్పుడు

(ముప్కాల్‌లో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో నేర్చుకున్న పని ఏదైనా ఒకటి తీసుకుని పావుగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. పి.ఆర్.సి. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ హాలులోనే ఉన్నారు. కనుక నేను ఒక మోడెం గురించి చెబుతాను. నవ్వకండి. ఆ మోడెం మూలంగా ఒక అమ్మాయి ఉద్యోగానికి ముప్పు వచ్చింది.

చిన్నవారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ సౌకర్యాన్ని విదేశ్ సంచార్ నిగమ్ వారు 1995 ఆగస్టు 15న ప్రారంభించారు. అంతకు ముందే ఎన్.ఐ.సి. వారు ఉపగ్రహం ద్వారా జిల్లా కేంద్రాలను ఢిల్లీతో కలిపారు గానీ, ఆ సౌకర్యం ప్రతి ఆఫీసు గుమ్మం దాకా రాలేదు. మిగిలినవారికి టెలిఫోను తీగే దిక్కు. కంప్యూటరుకు మోడెం అనే చిన్న పెట్టె తగిలిస్తే, అది కంప్యూటరు అంకెలను శబ్దంగా మార్చి ఫోనులో పంపేది. అవతలి మోడెం ఆ శబ్దాన్ని మళ్ళీ అంకెలుగా మార్చేది. కలిసే ముందు అది పెట్టే కీచు కూత మీలో కొందరికి ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది.

నేను యు.డి.సి.గా పనిచేసిన ఒక జిల్లా స్థాయి కార్యాలయంలో 1999 నాటికి ఒక యూనిక్స్ వర్క్‌స్టేషను ఉండేది. యూనిక్స్ అన్నది 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన వ్యవస్థ. మేము వాడిన పద్ధతిలో బొమ్మలు లేవు, మౌసు లేదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, టైపు చేసిన ఆదేశం. టైపు హయ్యర్ పాసైన మాకు అదేమంత కష్టం కాలేదు. ప్రతి నెలాఖరుకు ఆ యంత్రం నుంచి హైదరాబాదులోని ప్రధాన కార్యాలయానికి ఫోను చేసి స్టేట్‌మెంట్లు పంపాలి. ఎస్.టి.డి. కాలు కాబట్టి నిమిషం నిమిషానికి మీటరు తిరిగేది.

ఆ సీటులో కారుణ్య నియామకం మీద చేరిన ఒక అమ్మాయి ఉండేది. జూనియర్ అసిస్టెంటు, ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. ఒక నెల స్టేట్‌మెంట్లు పోలేదు. రెండో నెలా పోలేదు. ఫోను బిల్లు మాత్రం పెరిగింది. సకాలంలో పంపనందుకూ, బిల్లు పెరగడానికి కారకురాలైనందుకూ మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది. ఆమె నా దగ్గరికి వచ్చి, "సార్, లైను కలుస్తున్నది, దీపాలు వెలుగుతున్నయి, కానీ ఒక్క కాగితం కూడా పోతలేదు" అన్నది.

అంతకు ముందు వచ్చి చూసినవాళ్ళంతా తలా ఒక మాట అన్నారు. ఒకరు మోడెం పాడైందన్నారు. ఒకరు ఎక్స్ఛేంజిని తిట్టారు. ఇంకొకరు మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిద్దామన్నారు. తపాలా సెక్షనులో కొన్నేళ్ళు కూర్చున్నవాడిగా నాకు తోచింది వేరు. ఒక ఉత్తరం అందలేదంటే మనం ఏం చేస్తాం? డిస్పాచ్ రిజిస్టరులో ఎక్కిందా చూస్తాం, తరువాత లోకల్ డెలివరీ పుస్తకం, ఆ తరువాత పోస్టాఫీసు రశీదు. మన బల్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో గుమ్మమే దాటుతూ పోతాం. ఇక్కడా అదే చేశాం.

మొదటి గుమ్మం కంప్యూటరు నుంచి మోడెం దాకా ఉన్న కేబులు. యూనిక్స్‌లో సి-యు అనే ఆదేశంతో మోడెంతో నేరుగా మాట్లాడవచ్చు. ఎ, టి అని రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే అది ఓకే అనాలి. హేస్ అనే కంపెనీ 1981లో తెచ్చిన మోడెంతో మొదలైన భాష అది. తరువాత వచ్చిన మోడెములన్నీ దాదాపు అదే మాట్లాడాయి. ఓకే వచ్చింది. కేబులు, పోర్టు బాగున్నాయి.

రెండోది డయలింగు. మన ఎక్స్ఛేంజి ఇచ్చే డయల్ టోను అమెరికాలో తయారైన మోడెముకు అర్థమయ్యేది కాదు. టోను లేదని మొండికేసేది. ఎ-టి-ఎక్స్-3 అని ఆదేశిస్తే టోను కోసం చూడకుండా నంబరు తిప్పేది. ఆఫీసు ఇంటర్‌కమ్ నుంచి బయటికి పోవాలంటే సున్నా కొట్టి కామా పెట్టాలి. కామా అంటే కాసేపు ఆగమని. ఇవన్నీ ఆ అమ్మాయి అప్పటికే సరిచేసుకుంది. అందుకే దీపాలు వెలిగాయి.

మూడోది పేరు, సంకేత పదం. దీనికి చాట్ స్క్రిప్ట్ అని ఒక చిన్న రాత ఉంటుంది: అవతలివాడు ఇది అడిగితే ఇది చెప్పు అని. అందులో ఒక ముచ్చట. 'లాగిన్' అన్న ఇంగ్లీషు మాటను మొదటి అక్షరం వదిలేసి 'ఆగిన్' అని రాస్తారు. అవతలి యంత్రం ఆ మొదటి అక్షరాన్ని పెద్దగా రాస్తుందో చిన్నగా రాస్తుందో తెలియదు కదా, గొడవ లేకుండా దాన్నే వదిలేశారు. కొట్టివేతలు లేకుండా ఫెయిర్ కాపీ చేయడం తెలిసినవాడెవడో రాసి ఉంటాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాలుగోది పి.పి.పి. అనే ఒప్పందం. రెండు యంత్రాలూ ఒకరి చిరునామా ఒకరికి ఇచ్చుకోవడం. అది కుదిరితే మన యంత్రంలో పి.పి.పి.-0 అనే కొత్త ద్వారం పుడుతుంది. ఐఎఫ్‌కాన్ఫిగ్ అని కొడితే దాని జాతకమంతా చెబుతుంది. కొట్టాం. ద్వారం తెరిచే ఉంది, చిరునామా వచ్చింది. పింగ్ అనే ఆదేశంతో అవతలి మోడెం ఉన్న యంత్రాన్ని పలకరిస్తే బదులు పలికింది. దాని వెనకున్న యంత్రాన్ని, అంటే స్టేట్‌మెంట్లు అందవలసిన యంత్రాన్ని, పలకరిస్తే పలకలేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది, కాస్త నిదానంగా చెబుతాను. ముప్కాల్ నుంచి పసుపు బస్తాల లారీ నిజామాబాదు యార్డుకు బయలుదేరిందనుకోండి. బాల్కొండ దాటి పెర్కిట్ దాకా హైవే మీద సాఫీగా పోతుంది. అక్కడ కుడికి తిరగాలి. డ్రైవరు కొత్తవాడు, చౌరస్తాలో బోర్డు ఎవరో జగిత్యాల వైపు తిప్పి పెట్టారు. లారీ బాగుంది, డీజిలు ఉంది, రోడ్డు బాగుంది, సరుకు మాత్రం యార్డుకు చేరదు. కంప్యూటరులోనూ అలాంటి బోర్డు ఒకటి ఉంటుంది. ఫలానా ఊరికి ఫలానా దారి అని రాసి, చివర, పేరు తెలియని ఊళ్ళన్నిటికీ ఈ దారినే పో అని ఒక వరుస ఉంటుంది. దాన్ని డీఫాల్ట్ రూట్ అంటారు.

నెట్‌స్టాట్ ఆదేశంతో ఆ బోర్డు తీసి చూశాం. పేరు తెలియని ఊళ్ళన్నిటికీ దారి ఫోను వైపు లేదు. ఆఫీసులోని నాలుగు కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ తీగ వైపు ఉంది! 192.168.1.1 అనే చిరునామాకు పొమ్మని రాసి ఉంది. ఆ చిరునామా గల యంత్రం మా ఆఫీసులో లేనే లేదు. యంత్రం బిగించిన రోజున ఎవరో అలవాటు కొద్దీ ఆ గడి నింపి పోయారు. కాగితాలన్నీ ఖాళీ గదిలోకి పోతున్నాయి, ఎస్.టి.డి. మీటరు తిరుగుతూనే ఉంది.

యంత్రం ఈ మాట దాచలేదు. లాగ్ అనే ఫైలులో ప్రతిసారీ తేదీ, గంట, నిమిషంతో సహా రాసింది: "నాట్ రీప్లేసింగ్ ఎగ్జిస్టింగ్ డీఫాల్ట్ రూట్". ఇంతకు ముందున్న దారిని నేను మార్చడం లేదు అని. పి.పి.పి. కార్యక్రమం మర్యాదస్తురాలు, ఒకరు రాసి పెట్టిన దారిని తనంతట తాను కొట్టివేయదు. రెండు నెలల్లో ఎన్నిసార్లు ఫోను కలిపారో అన్నిసార్లు ఆ వాక్యం ఉంది. ఎవరూ చదవలేదు.

యంత్రం మొదలయ్యేటప్పుడు చదివే ఫైలులోంచి ఆ గేట్‌వే వరుస తీసివేసి, మళ్ళీ డయల్ చేశాం. దారి ఫోను వైపు తిరిగింది. అంకెల చిరునామాతో అవతలి యంత్రం పలికింది, పేరుతో పిలిస్తే పలకలేదు. అది వేరే సంగతి: పేరును అంకెగా మార్చి చెప్పే సర్వరు చిరునామా రిజాల్వ్-కాన్ఫ్ అనే ఫైలులో రాయాలి. రాశాం. ఆ సాయంత్రమే రెండు నెలల స్టేట్‌మెంట్లూ పోయాయి.

ఇక సంజాయిషీ. ఆమె మొదట క్షమాపణ రాసుకొచ్చింది. దాన్ని పక్కన పెట్టమన్నాను. క్షమాపణ ఫైలులో చేరితే అది ఒప్పుకోలు అవుతుందని మీకు నేను చెప్పనక్కరలేదు. లాగ్ ప్రింటు తీయించి, ఆ వాక్యాలకు ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఫలానా తేదీ ఫలానా గంటకు ఫోను కలిపినట్టు యంత్రమే రాసిందనీ, దారి తప్పడానికి ఆమె సీటులోకి రాకముందే రాసిన వరుస కారణమనీ, ఆ ఫైలు చివరిసారి మారిన తేదీ ఇదనీ, ముందే తీయించిన ప్రింటును జతపరిచి, ఒక పేజీ జవాబు రాయించాను. యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ చివరిసారి మార్చిన తేదీ పక్కనే ఉంటుంది. ఆ తేదీ ఆమె నియామకం కంటే ముందుది. మెమో మీద తదుపరి చర్య అవసరం లేదని నోట్‌ఫైలులో రాశారు. ఆ తరువాతి సంవత్సరం ప్రొబేషన్ డిక్లేర్ అయింది.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటారా? 2014 నవంబరు నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది, జీవన ప్రమాణ పత్రం ఫోనులోనే ఇవ్వవచ్చు. అక్కడ ఆగిపోయి, సర్వరు డౌన్ అనే మాట విని తిరిగి వచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. ఒక్కోసారి నిజంగానే సర్వరు డౌన్ అయి ఉంటుంది. ఒక్కోసారి మాత్రం మీ ఫోను ఆ దుకాణంలోని వైఫైని పట్టుకుని ఉంటుంది, ఆ వైఫై పెట్టెకు బయటి లైను ఉండదు. పైన గుర్తు నిండుగా కనిపిస్తుంది, ఏదీ తెరుచుకోదు. మా 192.168.1.1 కథే ఇది. వైఫై ఆపి, మొబైల్ డేటా పెట్టి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే తెర మీద వచ్చిన వాక్యాన్ని ఫోటో తీయమనండి, తేదీ, గంట కనిపించేలా. పింఛను ఆగితే ట్రెజరీకి రాసే అర్జీకి అది జతపరచవచ్చు.

భోజనాల తరువాత నేను ఇక్కడే కూర్చుంటాను. ఫోను తెచ్చినవాళ్ళు వస్తే కలిసి చూద్దాం. కళ్ళద్దాలు మరచిపోకండి.