ఫ్యామిలీ రూమ్
(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఓడ ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా నలభయ్యో పెళ్లిరోజుకు పిల్లలు మమ్మల్ని ఓడ ఎక్కించారు. అక్కడ మా గది బాల్కనీలో మా ఇద్దరికే బల్ల వేసి భోజనం పెట్టారు. ఆ ఫోటో మన వాట్సాప్ గ్రూపులో పెట్టిన పుణ్యం ఇది. తప్పకుండా చెప్తాను. కాని ఓడ ఎక్కేముందు మీరంతా నాతో నాంపల్లి స్టేషన్ దగ్గర బయల్దేరి ఆబిడ్స్ దాకా నడవాలి. నలుగురి మధ్య కాకుండా విడిగా కూర్చుని తినడమనేది నేను మొదట చూసింది ఓడలో కాదు, ఆ దారిలోనే.

మన తరం ఆడపిల్లలకు ఆ దారి వేరే చెప్పక్కర్లేదు. 1907 నాటి స్టేషను, దర్గాకు పోయే సందు, పబ్లిక్ గార్డెన్స్, ఎగ్జిబిషన్ గ్రౌండ్, ఇటు తిరిగితే మొజంజాహీ మార్కెట్, అటు తిరిగితే ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరు మీద ఆ పేట నిలిచిపోయింది. దుకాణం పోయింది, పేరు ఉంది. ఆ దారిలో మూలమూలకూ ఒక ఇరానీ హోటలు ఉండేది. యజ్ద్, కెర్మాన్ వైపు నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు పెట్టినవి. పాలరాతి బల్లలు, వంపు వీపుల చెక్క కుర్చీలు, గోడలకు నిలువుటద్దాలు. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్, మొజంజాహీ మార్కెట్ రెండూ 1935 నాటివే. ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు గంటల తరబడి కూర్చునేవారని మగవాళ్లు ఇప్పటికీ మురిసిపోతూ చెప్తారు. ఒక కప్పు చాయ్‌తో పూటంతా కూర్చోవచ్చట, ఎవరూ లెమ్మనరట. నిజమే కావచ్చు. ఆ కథల్లో ఒక్క ఆడమనిషి కూడా చాయ్ తాగుతూ కనపడదు, గమనించారా?

మనం ఆ హోటళ్ల ముందునుంచి రోజుకు రెండుసార్లు నడిచాం. లోపల ఏముందో అద్దాల్లోంచి చూసేవాళ్లం, ఆగకుండా. పాల మరుగు వాసన, బిస్కట్లు కాలే వాసన రోడ్డు మీదకే వచ్చేవి. లోపలికి పోవడానికి మనకున్న దారి ఒక్కటే: ఫ్యామిలీ రూమ్.

ఇక్కడున్న చిన్నవాళ్లకు ఆ మాట తెలియకపోవచ్చు. హాలుకు ఒక పక్కన, లేకపోతే మెట్లెక్కి పైన, చెక్క పలకలతో విడగొట్టిన చిన్న చిన్న గదులు. ఒక్కో గదికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ద్వారానికి అసలు రంగేదో మరిచిపోయిన తెర. బెల్లు నొక్కితే వెయిటరు వచ్చేవాడు. తెర తీసే ముందు ఒకసారి దగ్గేవాడు, అది మర్యాద. కొన్నిచోట్ల తెరకు బదులు ఊగే అరతలుపులు. తింటున్నంతసేపూ హాల్లోని చప్పుడు అంతా వినపడుతూనే ఉండేది. లెక్క కేకవేసి గల్లాకు చెప్పే గొంతు, సాసర్లు పేర్చే చప్పుడు, రాజకీయాల మీద వాదన. ఊరు మనకు వినిపించేది, మనం ఊరికి కనిపించకూడదు. సినిమా హాళ్లలో జనానా క్లాసు ముందు పర్దా ఉండేదని మా అమ్మ చెప్పేది. ఆ పర్దా ముక్కే హోటల్లోకి వచ్చిందని నేననుకుంటాను.

మా నాయన ఏడాదికి ఒక్కసారి మమ్మల్ని తీసుకెళ్లేవాడు, నుమాయిష్ చూసి తిరిగొచ్చే రాత్రి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి మన బడి పక్కనే జరుగుతున్న నుమాయిష్ అంటే మనకు సంక్రాంతి కంటే పెద్ద పండగ కదా. మా నాయనమ్మ గుమ్మం దగ్గరే అడ్డం నిలబడేది. "ఆడపిల్లల్ని తోల్కొని హోటల్లకు పోతవా? ఇంట్ల బువ్వ లేదా?" అని. "ఫ్యామిలీ రూమ్ల కూసుంటమే అవ్వా, ఎవరికీ కనపడం" అనేవాడు నాయన. ఆ ఒక్క మాటకు ఆమె పక్కకు జరిగేది. మా అమ్మ ఇంటి బయట కుర్చీలో కూర్చుని, ఇంకొకరు చేసి తెచ్చిపెట్టింది తిన్నది ఏడాది మొత్తంలో ఆ ఒక్క అరగంటే. చాయ్ చల్లారిపోయినా తాగకుండా కప్పు పట్టుకుని కూర్చునేది. తాగేస్తే లేవాలి కదా.

అందుకే ఆ తెరను నేను పూర్తిగా తిట్టలేను, పూర్తిగా మెచ్చుకోనూ లేను. అది మమ్మల్ని దాచింది. కాని అది లేకపోతే మా అమ్మకు ఆ అరగంట కూడా ఉండేది కాదు. పదో తరగతి పాసైన రోజు మన బ్యాచ్ ఆరుగురం మగతోడు లేకుండా ఒక హోటలుకు వెళ్లాం. నాలుగు కుర్చీల్లో ఆరుగురం. మూడు చాయ్‌లు వన్ బై టూ, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కట్లు. గల్లా దగ్గరి పెద్దమనిషి "ఫ్యామిలీ ఎక్కడ?" అని అడిగితే మన లెక్కల టాపరు "మేమే ఫ్యామిలీ" అంది. ఆమె ఇవాళ మూడో వరసలో కూర్చుని తల దించుకుని నవ్వుతోంది, చూడండి.

తర్వాత ఆ గదులకు చెడ్డపేరు వచ్చింది, అద్దెలు పెరిగాయి, పిల్లలు వేరే పనుల్లోకి పోయారు, ఒక్కో మూలే మూతపడింది. అది అందరికీ తెలిసిన కథే.

ఇక ఓడ. చాలామందికి ఓడ అంటే హుస్సేన్‌సాగర్‌లో భాగమతి, భాగీరథి. లుంబినీ పార్కు దగ్గర ఎక్కి, పుట్టినరోజుకు మొత్తం పడవే అద్దెకు తీసుకుని, కేకు కోసి దిగడం. సముద్రం మీది క్రూజ్ కూడా మనకు మరీ దూరమైనదేమీ కాదు, 2022లో విశాఖ రేవు నుంచి ఒకటి నడిచింది. మేం ఎక్కింది సింగపూర్‌లో. ఓడలోనూ తరగతులుంటాయి. అడుగున కిటికీ లేని గది, ఆపైన కిటికీ గది, ఆపైన బాల్కనీ గది. అందరూ తినే పెద్ద హాలు టికెట్టులోనే ఉంటుంది. బాల్కనీలో విడిగా భోజనం కావాలంటే ముందుగా చెప్పుకోవాలి, జంటకింత అని వేరే రుసుం కట్టాలి. శాకాహారమైతే అదీ ముందే చెప్పాలి. చెప్పకపోతే చేప వస్తుంది.

సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మా గదిలోంచే బల్లను బాల్కనీకి మోసి, తెల్లగుడ్డ పరిచి, గాలికి ఎగరకుండా క్లిప్పులు పెట్టారు. ఓడలో నిప్పు పనికిరాదు కాబట్టి కొవ్వొత్తి కూడా బ్యాటరీదే. ఒక్కో వంటకం తలుపు తట్టి తెచ్చారు, మంచం పక్కనుంచి పోతూ "సారీ మేడమ్" అంటూ. అందులో ఒకతను తెర జరిపేముందు దగ్గాడు. నాకు నవ్వాగలేదు. మావారికి ఎందుకో అర్థం కాలేదు.

బాగుందా అంటే బాగుంది. నలభై ఏళ్లలో మేమిద్దరం ఎవరికీ వడ్డించకుండా, ఫోను తీయకుండా రెండు గంటలు కూర్చున్నది అదే. ఇంటిపనికి, ఉద్యోగానికి మధ్య నలిగిన ఆడవాళ్లకు ఇలాంటి ఒక పూట దొరికితే వద్దనకండి, ఖర్చు చూసి మొహమాటపడకండి. అయితే ఒక్క గంట గడిచేసరికి నా చెవి హాలు చప్పుడు కోసం వెతికింది. ఆ పక్క బాల్కనీలో, అడ్డుపలకకు అవతల ఎవరో "ఆవకాయ సీసా ఏ బ్యాగులో పెట్టావే?" అనగానే ప్రాణం లేచొచ్చింది. మరునాడు భోజనం పెద్ద హాల్లో వాళ్లతోనే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. స్వర్ణోత్సవం రోజు మధ్యాహ్న భోజనానికి రెండు ఏర్పాట్లు చేయాలని కమిటీ ముందు ప్రతిపాదన ఉంది. పెద్ద మొత్తం ఇచ్చిన దాతలకు మేడ మీద ఏసీ గదిలో విడిగా బల్లలు, మిగతావాళ్లకు కింద షామియానా. దాతల జాబితాలో నా పేరూ ఉంది కాబట్టి నేనే అడుగుతున్నాను, ఆ గది మాకు వద్దు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు దొరకడం కోసం ఓడలో విడిగా కూర్చుంటారు. ఊరు ఒప్పుకోదు కాబట్టి మా అమ్మ తెర వెనక కూర్చుంది. మన బడిలో మనం మన క్లాసువాళ్లనుంచి విడిగా కూర్చోవడానికి ఈ రెండు కారణాల్లో ఏదీ లేదు. బెంచీకి నలుగురం కూర్చున్నప్పుడు ఎవరి నాయన ఎంత ఫీజు కట్టాడో ఎవరూ చూడలేదు. అసలు చాలామంది ఫీజే కట్టలేదు, టీచర్లు కట్టారు.

దాతలు నొచ్చుకుంటారేమోనని కోశాధికారి భయపడుతున్నారు. నేను నలుగురైదుగురితో మాట్లాడాను. అమెరికా నుంచి వస్తున్న చెల్లెలు ఒకామె "అక్కా, అంతదూరం వచ్చేది ఏసీ గదిలో కూర్చోడానికా?" అంది. ఒకరు మాత్రం నొచ్చుకున్నారు, దాచను. ఆమెతో ఇంకోసారి మాట్లాడతాను.

ఆ గది మాత్రం ఖాళీగా ఉంచవద్దు. మన టీచర్లలో ఎనభై దాటినవాళ్లు ఉన్నారు. పళ్లెం పట్టుకుని వరసలో నిలబడలేరు, షామియానా ఎండకు తట్టుకోలేరు. అది వాళ్లకివ్వండి. మేడ మీద వద్దు, మెట్లెక్కలేరు, కింద సైన్సు ల్యాబు పక్క గది చాలు. ద్వారానికి తెర కట్టకండి. మనం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటాం. మనకు ముప్పై ఏళ్లు మంచినీళ్లు పోసిన ఆయమ్మను టీచర్ల బల్ల దగ్గరే కూర్చోబెట్టండి. ఆమె ఒప్పుకోదు, నాకు తెలుసు. అందుకని ఆమె పక్క కుర్చీ నాకు రాసిపెట్టండి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టే పూచీ నాది.

చాయ్ సంగతి ఇంకా తేలలేదట. మెషిన్ చాయ్ వద్దు. నాంపల్లిలో డికాక్షను విడిగా దమ్ము పట్టి, పాలు విడిగా మరగబెట్టి కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉస్మానియా బిస్కట్లతో సహా ఆ ఖర్చు మన ఆరుగురిదీ.