దూరపు పరుగు – దేహంలో శోథ

(ముంబయిలో మన ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ పూట కవిత్వం వినవలసిన చెవులకు కండరాల కబురు చెబుతున్నందుకు మన్నించండి. కారణం లేకపోలేదు. మన తాతలు తెలంగాణ పల్లెల నుండి కామాఠీలుగా ఈ నగరానికి వచ్చారు. కామాఠిపురకు ఆ పేరు వారివల్లనే వచ్చింది. తట్టలు మోసి, రాళ్లు కొట్టిన ఆ ఒళ్లకు వేరే వ్యాయామం అక్కరలేకపోయింది. మనమేమో కుర్చీలకు అతుక్కుపోయాము. మన పిల్లలు మాత్రం 2004 నుండి ఇక్కడ జరుగుతున్న మారథాను పరుగుకు ఉబలాటపడుతున్నారు. సంతోషమే. కాని మొన్న సంక్రాంతి వెళ్లగానే జరిగిన పరుగులో మన కుర్రవాడొకడు నొప్పి మాత్రలు మింగి పరుగెత్తాడు. మర్నాడు మూత్రం కాఫీ డికాషన్ రంగులో పోగా ఆసుపత్రి పాలయ్యాడు. దైవానుగ్రహంవల్ల కోలుకున్నాడు. ఆ మాత్రలు కొనిచ్చిన పెద్దలం మనమే! అందుకే ఈ నాలుగు మాటలు.

42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తినప్పుడు కండరాల పోగులు సూక్ష్మంగా చిట్లుతాయి. శరీరం దానిని గాయంగానే ఎంచి తెల్ల రక్తకణాలను పురమాయిస్తుంది. బోస్టన్ పరుగువీరుల రక్తంలో ఈ కణాలు పెరగడాన్ని 1902లోనే ప్రకటించారు. దీనినే వైద్యులు శోథ అంటారు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం పరుగు ముగిసేసరికి రక్తంలో ఎన్నో రెట్లు, కొందరిలో నూరు రెట్లదాకా పెరుగుతుంది. ఒళ్లు నొప్పులు రెండు మూడు దినాలు ఉంటాయి.

ఇక్కడొక వింత ఉన్నది. ఆ పదార్థాన్ని, పనిచేసే కండరమే స్వయంగా విడుదల చేస్తుందని కోపెన్‌హేగన్ నగరంలో పెడర్సన్ అనే విదుషీమణి, ఆమె సహచరులు చూపించారు. అట్లా విడుదలైనది శోథను చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 వంటి వాటిని వెంట తెస్తుంది. అంటే నిప్పు రాజేసిన చేయే నీళ్లబిందెనూ అందిస్తుందన్నమాట. క్రమంగా, మితంగా వ్యాయామం చేసేవారి దేహంలో ఏళ్ల తరబడి నివురుగప్పి ఉండే శోథ తగ్గుతుంది. మధుమేహానికీ, గుండెజబ్బుకూ తోడుండేది ఆ నివురుగప్పిన నిప్పే.

అయితే మితిమీరితే? గంటల తరబడి పరుగెత్తితే నెత్తురు కాళ్లకూ, చర్మానికీ మళ్లి పేగులకు కొరవడుతుంది. పేగుగోడ సడలి సూక్ష్మజీవుల విషం రక్తంలోకి జారుతుంది. నొప్పి మాత్ర దీనికి మందు కాదు. కాలిఫోర్నియాలో 160 కిలోమీటర్ల పరుగును పరిశీలించి నీమన్ బృందం 2006లో ప్రకటించిన ఫలితం చూడండి: ఇబుప్రోఫెన్ మింగినవారికి నొప్పులూ తగ్గలేదు, కండరాల దెబ్బా తగ్గలేదు, పైగా శోథ లక్షణాలు వారిలోనే ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గినవేళ ఆ మాత్ర మూత్రపిండాలకూ చేటు.

కాబట్టి పరుగెత్తే పిల్లలకు మన మనవి: దూరాన్ని వారం వారం కొంచెంగా పెంచండి. జ్వరంతో పరుగెత్తకండి. పరుగుకు ముందు, పరుగులో నొప్పి మాత్ర వద్దు. పరుగు తరువాత విశ్రాంతి తీసుకోండి. మూత్రం నల్లబడితే ఇంట్లో దాచక వెంటనే వైద్యునివద్దకు వెళ్లండి. పెద్దలారా, మనకు మారథాను అక్కరలేదు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు.

ఇందాక మనం తిన్న పచ్చడిలో వేపపువ్వు చిటికెడే వేశారు. పిడికెడు వేస్తే ఎవరు తినగలరు? శోథ కూడా అంతే. ఈ కొత్త ఏడు మనకందరికీ పాళం తెలిసిన ఆరోగ్యాన్ని ఇచ్చుగాక!