వ్యాధి భయం – వివేక మార్గం



దుర్గ్ జిల్లాలోని భిలాయి పట్టణం భారతదేశపు సంక్షిప్త రూపమని పేరు పొందినది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు అక్కడ ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి శ్రామికులు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అనేకం.

అటువంటి పారిశ్రామిక పట్టణంలో ఆరోగ్యాన్ని గురించిన జాగ్రత్త అనవసరమని ఎవరూ అనజాలరు. 2014 జూన్ 12న ఆ కర్మాగారంలో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అందుచేతనే దానిని పసిగట్టే పరికరాలు, హెచ్చరిక గంటలు అవసరమైనవి. మనిషిలోని భయం కూడా అటువంటి గంటయే. ఐతే, వాయువు లేకపోయినా రేయింబవళ్ళు మోగే గంట పని సాగనివ్వదు. వ్యాధి లేకపోయినా వదలని భయం బతుకు సాగనివ్వదు. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరక అనలేదు.

వైద్యశాస్త్రం దీనిని చికిత్సకు అర్హమైన రుగ్మతగా గుర్తించినది. తలనొప్పి రాగానే మెదడులో కణితి అనీ, ఛాతీలో చురుక్కుమనగానే గుండెపోటు అనీ తలపోయడం. పరీక్షలు బాగున్నవని వైద్యుడు చెప్పినా నమ్మలేకపోవడం. మాటిమాటికీ నాడి చూసుకోవడం. ఒక వైద్యుని విడిచి మరొకరిని ఆశ్రయించడం దీని లక్షణాలు. మరికొందరు ఏదో బయటపడుతుందన్న బెదురుతో ఆస్పత్రి ఛాయలకే పోరు. వీరి బాధ నటన కాదు. భయం కలగగానే శరీరంలో అడ్రినలిన్ విడుదల అవుతుంది. గుండె వేగం హెచ్చుతుంది, చెమటలు పోస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి. భయపడినవాడు వీటినే కొత్త వ్యాధికి సాక్ష్యంగా తీసుకుంటాడు. ఈ విధంగా భయం లక్షణాన్ని, లక్షణం భయాన్ని పెంచుతూ పోతాయి.

ఎన్ని ఎక్కువ పరీక్షలు చేయించుకుంటే అంత నిశ్చింత కలుగుతుందని పలువురి నమ్మకం. రక్తపరీక్షా పత్రాలలో కనిపించే సాధారణ పరిమితులు చాలావరకు ఆరోగ్యవంతులలో 95 శాతం మందికి వర్తించేటట్లు నిర్ణయించినవి. అనగా, 20 మంది ఆరోగ్యవంతులలో సుమారు ఒకరి ఫలితం ఆ హద్దు దాటి ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికి సైతం కనీసం ఒక ఫలితం హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం. కారణం లేకుండా చేయించిన పరీక్ష కొత్త అనుమానానికి దారి తీయవచ్చును.

కారణం ఉన్న పరీక్షను మాత్రం మానరాదు. ఛత్తీస్‌గఢ్‌లోను, ఆంధ్ర మన్యంలోను కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఇందుకు నిదర్శనం. తల్లిదండ్రులలో ఒకరి నుండి మాత్రమే ఆ జన్యువును పొందినవారు వాహకులు. సాధారణంగా వారు ఆరోగ్యంగానే జీవిస్తారు. ఇద్దరి నుండీ పొందినవారికి వ్యాధి సంక్రమిస్తుంది. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి రాగల అవకాశం నాలుగింట ఒక వంతు. దీని నిర్మూలనకు 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం పరీక్షలు జరిపి కార్డులు అందజేసే ఏర్పాటు చేసినది. వాహకుడనని తెలిసినంతనే రోగినని కుంగిపోనక్కరలేదు. వ్యాధి ఉన్నవారు లోకానికి వెరచి కార్డును దాచి, చికిత్స మానడం మాత్రం ప్రమాదకరం.

మరి భయాన్ని అదుపు చేసే మార్గమేమి? ఛాతీనొప్పి, ఆయాసం, రక్తస్రావం, కారణం తెలియకుండా బరువు తగ్గడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుని చూడవలెను. నమ్మకమైన ఒకే వైద్యుని ఎంచుకొని, మళ్ళీ ఎప్పుడు రావలెనో ఆయననే అడిగి, కొత్త లక్షణమేదీ లేనప్పుడు ఆ గడువుకు కట్టుబడవలెను. నాడి చూసుకోవాలనే ఆత్రం కలిగినప్పుడు అరగంట వాయిదా వేయవలెను, మరునాడు గంట. ఆత్రం క్రమంగా దానంతటదే తగ్గుతుంది. రోగాలను గురించి ఫోనులో గంటల తరబడి వెదకడం తగ్గించవలెను.

ఇంటివారికీ బాధ్యత ఉన్నది. "నాకేమీ కాదు కదా?" అన్న ప్రశ్నకు పదే పదే అభయమిస్తే క్షణకాలపు ఊరట తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. పరిహసించడం అంతకన్న కీడు. ఆ మనిషిని మృదువుగా పనివైపు, నడకవైపు, నలుగురిలోనికి మళ్ళించడం మేలు. నెలల తరబడి భయం వీడకపోతే మానసిక వైద్యుని సంప్రదించవలెను. ఆలోచనలను పరిశీలించి అలవాట్లను మార్చే చికిత్స దీనికి మంచి ఫలితాలు ఇస్తున్నది.

ఇక్కడ భాష ప్రసక్తి కూడా ఉన్నది. గుండె దడ, కడుపులో దేవడం, నరాలు గుంజడం వంటి మాటలను మరో భాషలో యథాతథంగా చెప్పడం కష్టం. బాధ సరిగా చెప్పలేనివాడు వైద్యుడు తనను అర్థం చేసుకోలేదని మరింత భయపడతాడు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై రేయింబవళ్ళు ఉచితంగా, తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తున్నది. స్వస్థలానికి దూరంగా ఉన్న తెలుగువారు తమ గోడును తమ భాషలోనే చెప్పుకోవచ్చును.

హెచ్చరిక గంట మోగినప్పుడు ఉక్కు కార్మికుడు దానిని పెరికి పారవేయడు, కొలిమిని శాశ్వతంగా విడిచిపోడు. ముందు సురక్షిత స్థలానికి తప్పుకొంటాడు. తెలిసినవారు పరికరంతో కొలిచి, గాలి నిర్మలంగా ఉన్నదని తేల్చిన పిమ్మట తిరిగి పనిలో ప్రవేశిస్తాడు. దేహాన్ని గురించిన భయం విషయంలోనూ మనం ఈ క్రమశిక్షణనే అలవరచుకోవలసి ఉన్నది.