జెండా గుడ్డ

మనం తలుచుకుంటున్న మా స్కూలు మాస్టారే ఎదురుగా ఉంటే ‘పొగడ్తలు చాలు, విషయానికి రా’ అనేవారు. వస్తున్నాను.

పంద్రాగస్టు ముందురోజు సాయంత్రం ఆయన స్కూలు జెండాను బల్లమీద పరిచి, మడతల్లో బంతిపూల రేకలు పోసి, తాడుకు జారుముడి వేసేవారు. ముడి బిగిస్తే మర్నాడు ఎంత లాగినా వీడదు. వదులైతే పైకి చేరకముందే పూలన్నీ కర్ర మొదట్లో రాలిపోతాయి. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. గుడ్డ గరుగ్గా ఉండేది, ఖద్దరు. ‘తడిమి చూడండ్రా, ఇది మన చేలో పంట’ అనేవారు. మాది నల్లరేగడి. పత్తీ మిరపా తప్ప మాకు వేరే లోకం తెలియదు. ఆ మాట ఊరికే అన్నారనుకున్నాను.

ఊరికే కాదు. పింగళి వెంకయ్యగారు జెండా వెంకయ్య అని అందరికీ తెలుసు. కంబోడియా పత్తి మీద చేసిన పరిశోధన వల్ల ఆయనకు పత్తి వెంకయ్య అని కూడా పేరు. 1916లో ముప్ఫై జెండా నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కూడినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ గుడ్డ మీద రాట్నంతో జెండా చేసిచ్చారు. తెలుపు కూడా కలపమన్నారు గాంధీజీ. ఎరుపు హిందువులది, ఆకుపచ్చ ముస్లిములది, తెలుపు తక్కినవారిది అని రాశారు కూడా. తిరకాసు అక్కడే వచ్చింది. రంగుకు మతం కట్టాక, మరి మా రంగేదని సిక్కులు అడిగారు. అడగరా మరి?

1931లో ఏడుగురితో కమిటీ వేశారు. కన్వీనరు మన బందరు పట్టాభి సీతారామయ్యగారు. కమిటీ మొత్తం జెండాను కాషాయం చేసి, ఓ మూల రాట్నం పెడదామంది. ఆ ఆగస్టులో బొంబాయిలో కూడిన కాంగ్రెస్ కమిటీ అది కాదని కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసి, ఈ రంగులకు మతంతో పనిలేదని తేల్చింది. కట్టిన ముడి విప్పడానికి పదేళ్లు పట్టింది. 1947 జులై 22న రాట్నం పోయి అశోకచక్రం వచ్చింది.

ఒకే గుర్తుకు ఇద్దరు హక్కుదారులైతే ఏమవుతుందో మన గుంటూరు జిల్లా వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1964 జులైలో తెనాలిలో సభ జరిగింది, ఆ ఏడే కమ్యూనిస్టు పార్టీ రెండైంది. ఎర్రజెండా మాత్రం ఇద్దరిదీ. ఓట్లప్పుడు ఒకరిది కంకి కొడవలి, ఇంకొకరిది సుత్తి కొడవలి నక్షత్రం. ఊరి జెండా దిమ్మె ఎవరిదన్నది మాత్రం ఏ ఎన్నికల సంఘమూ తేల్చదు. దానికి ఇటుకా ఇసుకా మోసినవాళ్లకు సిద్ధాంత విభేదం తెలుసో లేదో గానీ, దిమ్మె తమదేనని మాత్రం గట్టిగా తెలుసు.

రాష్ట్రాల జెండాల గొడవ మనదాకా రాలేదు. కర్ణాటక 2018లో తనకో జెండా ఖరారు చేసుకుని ఢిల్లీ అనుమతి కోరింది. మనకు ఆ లోటు రాష్ట్ర చిహ్నంలోని అమరావతి పూర్ణఘటం తీరుస్తోంది. తెలంగాణలో 2024లో చిహ్నంలోంచి కాకతీయ తోరణం, చార్మినార్ తీసేస్తారన్నందుకే రచ్చయింది.

ఇక గుంటూరు. మహాత్మాగాంధీ రోడ్డులో జిన్నా టవర్. ఆటోవాళ్లకు అది మనిషి పేరు కాదు, సెంటరు పేరు. ఆ పేరు మార్చాలని, కలాం పేరు పెట్టాలని 2021 డిసెంబరు చివర్లో భాజపా పట్టుబట్టింది. 2022 జనవరి 26న టవర్ మీద జెండా ఎగరేస్తామని వచ్చినవాళ్లను పోలీసులు ఆపారు. వారం తిరక్కుండానే స్థానిక ఎమ్మెల్యే ఆధ్వర్యంలో టవరుకు మూడు రంగులూ పూశారు. ఫిబ్రవరి 3న అక్కడే హోంమంత్రి జెండా ఎగరేశారు.

గొడవ చల్లారిందని అందరూ మెచ్చుకున్నారు. నాకు నచ్చలేదు. పేరు ఉంచాలంటే ఎందుకుంచాలో చెప్పాలి, మార్చాలంటే ఎందుకు మార్చాలో చెప్పాలి. ఆ రెండూ చెప్పకుండా జెండా రంగులు తెచ్చి పూస్తే, అవి మళ్లీ ఒక వర్గం తన దేశభక్తికి చూపాల్సిన రుజువు అయిపోతాయి. 1931లో మనవాళ్లు వదిలించింది సరిగ్గా ఈ బరువునే. జెండాను భవనాల మీద కప్పడానికి వాడరాదని చట్టం కూడా ఉంది. పూసిన రంగు జెండా కిందికి వస్తుందా రాదా అన్నది ప్లీడర్ల పని.

టవర్ గొడవ మొదలైన అదే 2021 డిసెంబరు 30న ఇంకొకటి జరిగింది. జాతీయ జెండా నియమావళిని సవరించారు. అంతకుముందు జెండా గుడ్డ చేత్తో వడికి, చేత్తో నేసినదే కావాలి. నూలో, ఉన్నో, పట్టో. ఆ రోజునుంచి మిల్లుగుడ్డ సరే, పాలిస్టరు సరే. టవర్ పేరు మీద అంత రభస చేసిన ఊళ్లో, పత్తి వెంకయ్య పేరు చెప్పుకునే గడ్డమీద, దాని కోసం నాకు తెలిసి ఒక్క ధర్నా జరగలేదు. పత్తి రేటు పడితే యార్డు ముందు లారీలు ఆపే మనం, జెండాలోంచి పత్తి జారిపోతే పట్టించుకోలేదు.

ఈ హాలు గుమ్మానికి కట్టిన జెండా తోరణాన్ని లోపలికొస్తూ తడిమి చూశాను. పాలిస్టరు.