రోగిసేవయందు సమదృష్టి
(వార్షిక మహాసభలో స్త్రీల సమావేశమున నొసగిన యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యను గూర్చియు, నూలు ధరను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, వివాహవ్యయమును గూర్చియు ఉపన్యాసములు జరుగుట వాడుక. రోగులను గూర్చి, అందును లోకము వెలివేసిన రోగులను గూర్చి మాటాడుట క్రొత్త. ఇట్టి విషయము కులసభలో నేల యని కొందఱడుగవచ్చును. ముప్పది యేండ్లు పరిచారికావృత్తిలో నుండి నేను గ్రహించిన దొక్కటి: రోగమును వైద్యుడు కనుగొనును, వెలిని మాత్రము ఇల్లును, వాడయు, కులమును కలిసి విధించును. విధించినవారే దానిని తొలగింపవలెను. కావుననే యీ మాట యిచ్చట చెప్పుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట మనవాడే యొక నేతగాడు నేను పనిచేయుచుండిన ఆసుపత్రికి వచ్చెను. అతని యెడమచేతి రెండు వ్రేళ్లు వంగిపోయియుండెను. అరచేత గాయము. ఉడుకు రంగుబానను పట్టుకొన్నప్పుడు కాలినదట. కాలినట్లు తెలియనే లేదట. ముంజేతిపై స్పర్శలేని మచ్చ యాఱేండ్లనుండి యున్నది. ఇంతకాలమేల రాలేదని యడిగితిని. “అమ్మా, నాకిద్దఱాడపిల్లలు. పెండ్లిండ్లు కావలెను గదా” యనెను. పిదప నా యింటిపేరు విని, తలవంచుకొని, “మనవాళ్లకు చెప్పకు తల్లీ” యని చేతులు జోడించెను. జోడించిన యా చేతులలో నొకటి సరిగా చాచుకొనలేదు. మచ్చ కనబడిన నాడే వచ్చియుండిన, ఆ చేయి నేటికిని సుఖముగా నాడెను నడపుచుండెడిది. ఆ వ్రేళ్లను వంచినది రోగమొక్కటియే కాదు; మన భయము కూడ.

కుష్ఠమును మనవారు పెద్దరోగమనియు, మహారోగమనియు పేర్కొని, పూర్వజన్మ పాపఫలమని నమ్మిరి. ఇది పాపఫలము కాదు. తండ్రినుండి కొడుకునకు రక్తమున దిగివచ్చునదియు కాదు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వేదేశమున హాన్సెన్ అను వైద్యుడు కనుగొనెను. అది మిక్కిలి మెల్లగా వృద్ధిపొందుచు, చర్మమును, నరములను పట్టును. జనులలో అధికసంఖ్యాకులకు దానిని నిరోధించు శక్తి దేహమునందే కలదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యనేక ఔషధములను కలిపి యిచ్చు చికిత్సను విధించినది. రోగస్థితిని బట్టి ఆఱు నెలలో, పండ్రెండు నెలలో మందు పుచ్చుకొనిన చాలును. మందు మొదలిడిన స్వల్పకాలముననే రోగి యితరులకు వ్యాధినంటింపజాలడు. ఈ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించును. 2005వ సంవత్సరాంతమున, పదివేలమందికి ఒకనికంటె తక్కువగా రోగులున్నారని మన దేశము ప్రకటించుకొన్నది. లెక్క తగ్గినది గాని రోగము తొలగలేదు. ప్రపంచమున ఏటేట క్రొత్తగా కనబడు కుష్ఠరోగులలో సగమునకు మించినవారు నేటికిని భారతీయులే.

మన తెలుగునేలపై ఈ సేవకు గొప్ప చరిత్ర కలదు. నిజామాబాదు చెంత డిచ్‌పల్లియందు 1915లో కుష్ఠరోగుల వైద్యశాల వెలసినది. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానియు, ఆమె భర్తయు దానికి మూలపురుషులు. రాజా నరసాగౌడు గారు విరాళమొసగి తోడ్పడిరి. సముద్రము దాటి వచ్చిన స్త్రీయు, ఈ నేలపై పుట్టిన దాతయు, మతకులములెంచక, ఎవ్వరును తాకనివారికై చేతులు కలిపిరి. సేవాగ్రామమున పర్చురే శాస్త్రిగారను సంస్కృత పండితుడు కుష్ఠముతో వచ్చి చేరగా, మహాత్ముడు స్వహస్తములతో ఆయన యొడలు మర్దనచేసెను. మహాత్ముడు గతించిన జనవరి 30వ దినమునే మన దేశమున కుష్ఠనివారణ దినముగా పాటించుచున్నారు. మందు లేని కాలమున వారు తాకిరి. మందున్న కాలమున మనము తాకకుండుట యెంత సిగ్గుచేటు!

ఇక శుశ్రూషను గూర్చి. కుష్ఠరోగి చేతికిని, కాలికిని నొప్పి తెలియదు. నొప్పి మనకు కావలివాడు. కావలి లేని యింటిని యజమానియే మేల్కొని కాచుకొనవలెను. కావున పరిచారిక రోగికి ప్రతిదినమును పాదములను కన్నులతో పరీక్షించుకొనుట నేర్పవలెను. నీట నానబెట్టి, గట్టిపడిన చర్మమును మెత్తగా రాచి, తడి యాఱకమునుపే నూనె వ్రాయింపవలెను. మెత్తని రబ్బరు అట్టగల చెప్పులు తొడిగింపవలెను. వేడిపాత్రను గుడ్డలేక పట్టవలదని చెప్పవలెను. నేతగాడైనచో మగ్గపు గుంటలో తొక్కుడుచెక్కలపై వట్టికాళ్లు మోపవలదనియు చెప్పవలెను. చికిత్స నడుమ నరములు నొచ్చి, జ్వరము వచ్చి, మచ్చలెఱ్ఱబడినచో మందు మానక వెంటనే వైద్యుని చూపవలెను. ఆలస్యమైన వ్రేళ్లు వంగును. ఇవి యన్నియు చేతితో చేయవలసిన పనులు. రోగి చేయిపట్టుకొననివారికి ఇవి సాగవు.

అయితే చేతినేర్పు మాత్రమే చాలదు. నా తప్పిదమొకటి చెప్పెదను. నేను వృత్తిలో క్రొత్తగా చేరిన దినములలో, చేయి వాచిన లంబాడీ ముదుసలి యొకతె వచ్చినది. సూది వేయుట కడ్డముగా నున్నవని, ఆమె మోచేతిపై గాజులను కత్తెరతో కోయించితిని. ఆమె గుండెలు బాదుకొని యేడ్చెను. ఆ గాజులు భర్త బ్రదికియున్న స్త్రీకి గుర్తులు; పసుపుకుంకుమలు మనకెట్లో ఆమెకవి యట్లు. ఆమె మగడు గుమ్మమునందే నిలిచియుండెను. వాపునుబట్టి గాజులు తీయుట యవసరమే కావచ్చును; కాని ఒక్కమాట యడిగి, ఆమెవారిచేతనే తీయించిన నా కేమి పోయెడిది? నాకు వైద్యము తెలియును, మనిషి తెలియలేదు. నాటినుండి రోగిని తాకుటకు ముందు అడుగుట నేర్చుకొంటిని.

ఈ యడుగుటయే మా వృత్తికి మూలము. ఘోషాలోని ముస్లిము స్త్రీని పరీక్షించుటకు ముందు తెర కావలెనా యని యడుగవలెను. రంజానులో ఉపవాసముండువారికి మాత్రల వేళను మార్చవచ్చునేమో వైద్యుని విచారింపవలెను. ఆడువేషమున నున్న వ్యక్తి వచ్చినచో నవ్వక, ఏ పేరుతో పిలువవలెనో యడిగి, ఆ పేరుతోనే పిలువవలెను. వీరిని తృతీయలింగమువారిగా సుప్రీముకోర్టు 2014లోనే గుర్తించినది. ఎయిడ్సు క్రిమి సోకినవారి మంచమునకు ఎఱ్ఱచీటి కట్టి, వారికి మాత్రమే చేతితొడుగులు వేసికొనుట చికిత్స కాదు, చాటింపు. రక్తమును తాకవలసినచోట ఎల్లరకును తొడుగు వేసికొనవలెను. అప్పుడెవ్వరికిని అవమానము లేదు. వారి రోగమును వారి యనుమతిలేక బయటపెట్టరాదని 1917లో కాదు, నిన్న మొన్నటి 2017 చట్టమే శాసించుచున్నది.

కులమును గూర్చియు ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. మన యింటి పెద్దలు కొందఱు ఆసుపత్రిలో మంచముపై నుండియు, నీళ్లందించు పరిచారిక కులమేమని విచారించుట నేను చెవులార విన్నాను. మలమూత్రములెత్తు చేయి ఆమెదే, తలనిమురు చేయి ఆమెదే. ప్రాణము నిలిచినపిదప ఆ చేతినీళ్లకు అంటెక్కడిది? రాజ్యాంగము 1950లోనే యంటరానితనమును నిషేధించినది. మన మనస్సులు దానినింకను నిషేధింపలేదు. నర్సుపని నీచమని మన పిల్లల నీ వృత్తికి పంపకుండుటయు ఆ దోషముయొక్క శాఖయే.

శాసనములు మనకంటె ముందు నడచినవి. కుష్ఠరోగులను వేఱుచేసి నిర్బంధించుట కుద్దేశింపబడిన 1898 నాటి శాసనము 2016లో రద్దయినది. కుష్ఠము విడాకులకు కారణమగుట 2019లో తొలగింపబడినది. కాని పెండ్లిచూపులలో గుసగుసలాడు నాలుకను ఏ శాసనము కట్టగలదు? దానిని కట్టగలది ఈ సభ యొక్కటియే.

కావున మహాసభవారికి నాలుగు విన్నపములు చేయుచున్నాను. మొదటిది, రోగము నయమైనవారి యింటి సంబంధమును రోగకారణమున త్రోసిపుచ్చరాదని తీర్మానింపుడు. రెండవది, మన సత్రములందును, విద్యార్థి వసతిగృహములందును వారికిని, వారి బిడ్డలకును సమానముగా చోటొసగుడు. మూడవది, పరిచారికావిద్య నభ్యసించు బాలికలకు మన విద్యానిధినుండి వేతనములిండు. నాలుగవది, ప్రతి శాఖాసంఘమును సంవత్సరమున కొకమారు వైద్యుని రావించి, మగ్గముల వాడలలో చర్మపరీక్ష చేయించుగాక. ఇది మనవారికి మాత్రమేగాక వాడలోని యెల్లవారికిని జరుగవలెను. రోగము కులమెఱుగదు, దాని నెదిర్చు సేవకును కులముండరాదు.

“మనవాళ్లకు చెప్పకు తల్లీ” యని వేడిన యా నేతగాని మాటను నేను నిలుపుకొన్నాను. అతని పేరెవ్వరికిని చెప్పలేదు, చెప్పను. కాని రాబోవు మహాసభనాటికి, అట్టివాడు “మనవాళ్లకే ముందు చెప్పు, వారు చూచుకొందురు” అని ధైర్యముగా పలుకు స్థితి మనలో కలుగవలెనని నా కోరిక. అట్టి దినమును త్వరలో తెచ్చుటకు మీరెల్లరు పూనుకొందురుగాక.